కుర్చీ వెనక నిలబడ్డ మనిషి

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగానే ఉన్నాయి. వద్దంటారా? సరే, అలాగే నిలబడి వినండి. నేనివాళ చెప్పబోయేది కూడా నిలబడ్డవాళ్ల గురించే.

గేమింగ్ కేఫ్‌ల గురించి, అక్కడ పదిమంది కలిసి ఆడే ఆటల గురించి మాట్లాడమన్నారు. నేను ఒక కేఫ్‌లో పదకొండేళ్లు పనిచేశాను. మొదట్లో వైర్లు లాగాను, సిస్టమ్‌లు ఫార్మాట్ కొట్టాను. తర్వాత కౌంటర్‌లో కూర్చున్నాను. ఎవరికి టైమ్ అయిపోయింది, ఎవరు ఇంకో అరగంట అడుగుతున్నారు, ఏ హెడ్‌ఫోన్ ఒకవైపు పలకట్లేదు, ఇదే నా లోకం. ఈ ఆటల చరిత్ర తర్వాత తీరిగ్గా చదువుకున్నాను. చదివింది కొంత, కౌంటర్‌లోంచి చూసింది కొంత, రెండూ కలిపి చెప్తాను.

ఒకరోజు ఒక పెద్దాయన వాళ్లబ్బాయిని వెతుక్కుంటూ వచ్చారు. కోపంగా రాలేదు, అయోమయంగా వచ్చారు. "బాబూ, మా ఇంట్లో కంప్యూటర్ ఉంది. నెట్ ఉంది. మీ దగ్గరున్న ఆటే వాడి దగ్గరా ఉంది. మరి డబ్బులిచ్చి ఇక్కడికెందుకు వస్తాడు వీడు?" అని అడిగారు. నేనేం చెప్పానో తెలుసా? "మా మెషీన్లు స్పీడండీ, మా మానిటర్లు మంచివండీ" అన్నాను. ఆయన తలూపి వెళ్లిపోయారు.

అది తప్పు జవాబు. తప్పని నాకు ఇంకో ఏడాదికి గానీ తెలియలేదు. ఒక సాయంత్రం బయటి నెట్ పోయింది. ఇక అందరూ లేచి వెళ్లిపోతారు, డబ్బులు వెనక్కివ్వాలి అనుకున్నాను. ఒక్కరూ లేవలేదు. లోపలి వైర్లు ఉన్నాయి కదా! సిస్టమ్‌కీ సిస్టమ్‌కీ మధ్య ల్యాన్ బాగానే ఉంది. ఎవరో కౌంటర్ స్ట్రైక్ అనే పాత తుపాకీ ఆట తెరిచారు, ఒకడు సర్వర్ పెట్టాడు, అంటే అందరి ఆటనూ కలిపి నడిపే మెషీన్, మిగతావాళ్లు అందులోకి దూకారు. ఆ సాయంత్రమే ఇంకోటి గమనించాను. ఆరు సిస్టమ్‌లు ఖాళీగా ఉన్నాయి. కూర్చోవడానికి చోటుంది. అయినా నలుగురు పిల్లలు కూర్చోకుండా ఒక కుర్చీ వెనక నిలబడి, అందులో కూర్చున్నవాడి ఆట చూస్తున్నారు. టైమ్ కట్టలేదు, ఆడట్లేదు, చూస్తున్నారు. అంతకుముందు అలాంటివాళ్లను చూస్తే నాకు చిరాకు. "ఆడితే కూర్చోండి, లేకపోతే కదలండి" అనేవాణ్ని. ఆరోజు ఎందుకో అనలేదు. ఆ నలుగురే ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబు. ఎలాగో చెప్తాను.

కాస్త వెనక్కి వెళ్దాం. వీడియో గేమ్ అనగానే మనకు కళ్ల ముందు ఏం కనిపిస్తుంది? చీకటి గదిలో ఒక్కడే కూర్చున్న కుర్రాడు. అవునా కాదా? కానీ ఈ ఆటలు పుట్టింది అలా కాదు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ పరిశోధనశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త, ల్యాబ్ చూడ్డానికొచ్చే జనం కోసం కరెంటు సంకేతాలను గీతలుగా చూపించే ఆసిలోస్కోప్ తెర మీద ఒక టెన్నిస్ ఆట తయారుచేశాడు. దాన్ని ఇద్దరు ఆడాలి. 1962లో ఎంఐటీ అనే అమెరికా యూనివర్సిటీలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు స్పేస్‌వార్ అనే ఆట రాశారు. రెండు ఓడలు, ఇద్దరు మనుషులు. 1972లో అటారీ కంపెనీ వాళ్ల పాంగ్ వచ్చింది, అదీ టెన్నిస్ లాంటి ఆటే. ఆ మొదటి మెషీన్‌లో ఒక్కడే ఆడుకునే వీలే లేదు! అవతలి బ్యాట్ తిప్పడానికి ఇంకో మనిషి కావాల్సిందే. దాన్ని సన్నీవేల్ ఊళ్లో ఒక బార్‌లో పెట్టారు. కొన్నాళ్లకు మెషీన్ పనిచేయట్లేదని కబురొచ్చింది. వెళ్లి తెరిచి చూస్తే పాడైపోలేదు, నాణేలు నిండిపోయి ఇక పట్టక ఆగిపోయింది.

గమనించారా? పుట్టుకతోనే ఇది ఇద్దరి ఆట, పక్కనున్నవాళ్లు చూసే ఆట. అవతలి మనిషి స్థానంలో ప్రోగ్రామ్‌ని కూర్చోబెట్టి ఒంటరిగా ఆడుకోవడం ఆ తర్వాత బలపడింది.

ఇక 1993 డిసెంబర్. డూమ్ వచ్చింది. తుపాకీ పట్టుకున్న చేయి మన చేయే అన్నట్టు తెర మీద కనిపించే ఆట. నెట్‌వర్క్‌లో నలుగురు కలిసి ఆడొచ్చు. ఒకరినొకరు వేటాడే ఆటకు "డెత్‌మ్యాచ్" అనే పేరు అక్కడే స్థిరపడింది. ఆఫీసుల్లో, కాలేజీల్లో కంప్యూటర్లకు అప్పటికే వైర్లున్నాయి, ఫైళ్లు పంపుకోవడానికి. రాత్రయ్యేసరికి ఆ వైర్ల మీద డూమ్ పరుగెత్తేది. మొదటి వెర్షన్‌లో ఒక లోపం ఉంది. ఆటలో జరిగే ప్రతి కదలికనీ ఆడేవాళ్లకే కాకుండా నెట్‌వర్క్‌లో ఉన్న అన్ని కంప్యూటర్లకూ పంపేసేది. నలుగురు ఆడుకుంటే మొత్తం ఆఫీసు నెట్‌వర్క్ మూలిగేది. చాలాచోట్ల నిషేధించారు. తర్వాతి వెర్షన్‌లో ఆ లోపం సరిచేశారు.

ఆ రోజుల్లో కలిసి ఆడాలంటే ఎవరి కంప్యూటర్ వాళ్లు మోసుకుని ఒకచోటికి చేరాలి. ల్యాన్ పార్టీ అనేవాళ్లు. ఇప్పటి పలచటి మానిటర్లు కావు తమ్ముళ్లూ, ఆ గాజు బుడ్డి మానిటర్ పదిహేను, ఇరవై కిలోలుండేది. దాన్ని మోసుకెళ్లడం, వైర్లు కలపడం, ఒకడి సిస్టమ్ కనపడట్లేదని తెల్లారేదాకా తంటాలు పడటం. కేఫ్ ఏం చేసింది? ఆ బరువు మన భుజం మీంచి దించింది. కంప్యూటర్లు అక్కడే ఉంటాయి, వైర్లు అక్కడే ఉంటాయి. మనుషులొస్తే చాలు.

ఇప్పుడు దక్షిణ కొరియాకి వెళ్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. అక్కడ ఈ కేఫ్‌లను "పీసీ బాంగ్" అంటారు. బాంగ్ అంటే గది. కంప్యూటర్ల గది, అంతే. 1997 చివర్లో ఆసియా ఆర్థిక సంక్షోభం ఆ దేశాన్ని గట్టిగా కొట్టింది. ఐఎంఎఫ్, అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర అప్పు తీసుకోవాల్సి వచ్చింది. కంపెనీలు మూతపడ్డాయి, ఉద్యోగాలు పోయాయి. అలా రోడ్డున పడ్డవాళ్లలో చాలామంది చేతిలో మిగిలిన డబ్బుతో పీసీ బాంగ్‌లు పెట్టుకున్నారు. మరోవైపు ఉద్యోగం లేని యువకులకు తక్కువ ఖర్చుతో నాలుగు గంటలు గడిపే చోటు కావాలి. అదే సమయంలో ప్రభుత్వం దేశమంతా వేగవంతమైన ఇంటర్నెట్ వేయించింది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. జపాన్ నుంచి వచ్చే సినిమాలు, పాటలు, ఆటల లాంటి వాటి మీద కొరియాలో దశాబ్దాలపాటు నిషేధం ఉండేది. 1998 నుంచి మెల్లమెల్లగా ఎత్తేశారు. అప్పట్లో టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్లు ఎక్కువగా జపానువే కాబట్టి అవి కొరియా ఇళ్లలో పెద్దగా పాతుకోలేదు. ఆట అంటే కంప్యూటర్ ఆటే అయింది.

సరిగ్గా అప్పుడు, 1998 మార్చి 31న, స్టార్‌క్రాఫ్ట్ విడుదలైంది. మూడు జాతులు, మూడు రకాల సైన్యాలు, గనులు తవ్వి డబ్బు చేసుకుని, సైన్యాన్ని తయారుచేసి శత్రువు మీదకి పంపాలి. 90 మెగాహెర్ట్జ్ పెంటియం, 16 ఎంబీ మెమరీ ఉంటే చాలు, ఆడేస్తుంది. అంటే కేఫ్ యజమాని ఖరీదైన మెషీన్ కొననక్కర్లేదు. కొద్ది ఏళ్లలోనే కొరియాలో పీసీ బాంగ్‌లు 20 వేలు దాటాయి. ఆ ఒక్క దేశంలోనే స్టార్‌క్రాఫ్ట్ కాపీలు సుమారు 45 లక్షలు అమ్ముడుపోయాయి.

ఇంతవరకూ కారణాలు. ఇవన్నీ వ్యాసాల్లో దొరుకుతాయి. నేను చెప్పదలచుకున్నది ఆ గదుల్లో ఏం జరిగిందని. బాగా ఆడేవాడి కుర్చీ వెనక జనం నిలబడ్డారు. "వీడు మొదటి నిమిషంలో ఏం కడుతున్నాడు? సైనికుణ్ని ఎప్పుడు పంపుతున్నాడు?" అని చూశారు. తర్వాత వాళ్లు వేరే పీసీ బాంగ్‌కి వెళ్లి అదే ఎత్తు వేశారు. ఒక గది వాళ్లు ఇంకో గది వాళ్లతో పోటీ పెట్టుకున్నారు. చూసేవాళ్లున్నారని టీవీవాళ్లకు అర్థమైంది. 2000లో కంప్యూటర్ ఆటల కోసమే ఒక టీవీ ఛానెల్ మొదలైంది, ఆంగేమ్‌నెట్. అదే ఏడాది ఆటగాళ్ల వ్యవహారాలు చూసుకోవడానికి ఈ-స్పోర్ట్స్, అంటే పోటీగా ఆడే కంప్యూటర్ ఆటల సంఘం ఏర్పడింది. 2004 జూలైలో బుసాన్ నగరంలో గ్వాంగల్లి సముద్రతీరంలో స్టార్‌క్రాఫ్ట్ లీగ్ ఫైనల్ పెడితే లక్షమంది దాకా వచ్చారని లెక్క చెప్తారు. ఇసుకలో నిలబడి, పెద్ద తెర మీద, ఎవరో ఇద్దరు కంప్యూటర్ ముందు కూర్చుని ఆడుతుంటే చూశారు! ఆ లక్షమంది ఎవరు? కుర్చీ వెనక నిలబడ్డ ఆ నలుగురే. అక్కడ పట్టక బీచ్ దాకా వచ్చారు.

ఇక నాకు బాగా తెలిసిన ఆట గురించి చెప్తాను. కౌంటర్ స్ట్రైక్. 1999లో మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు హాఫ్-లైఫ్ అనే ఆటను మార్చి, దాని మీద సరదాగా కట్టిన ఆట ఇది. వాల్వ్ కంపెనీ దాన్ని తీసుకుని 2000 నవంబర్‌లో అమ్మకానికి పెట్టింది. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. ఒకవైపు బాంబు పెట్టాలి, రెండోవైపు ఆపాలి. నేను ఎన్నో ఆటలు చూశాను గానీ కేఫ్ కోసమే పుట్టిందా అనిపించేది మాత్రం ఇదొక్కటే. ఎందుకంటారా?

ఆ ఆటలో ఒకసారి చచ్చిపోతే ఆ రౌండ్ అయిపోయేదాకా మళ్లీ బతకరు. అప్పట్లో చాలా తుపాకీ ఆటల్లో చచ్చిన మరుక్షణం మళ్లీ పుట్టేవాళ్లు. ఇక్కడ అలా కాదు. చచ్చారా, చూస్తూ కూర్చోండి. అంటే ఏమైంది? ఆట రూపంలోనే ప్రేక్షకుల్ని పుట్టించే ఏర్పాటుంది. రౌండ్ మొదట్లో పదిమంది ఆటగాళ్లు. నిమిషం గడిచేసరికి ముగ్గురు ఆటగాళ్లు, ఏడుగురు ప్రేక్షకులు. చివరికి ఒక్కడు మిగులుతాడు, తొమ్మిదిమంది ఊపిరి బిగబట్టి చూస్తుంటారు.

మా కేఫ్‌లో ఒక అబ్బాయి ఉండేవాడు. పేరు చెప్పను. మూడు వారాలు వచ్చి వెనక నిలబడి చూసి వెళ్లిపోయాడు. ఎవరితోనూ మాటల్లేవు. ఒకరోజు ఒక టీమ్‌లో ఒకడు తక్కువయ్యాడు, "ఏయ్, నువ్వు కూర్చోరా" అన్నారు. కూర్చున్నాడు. డస్ట్ టూ మ్యాప్. మ్యాప్ అంటే ఆట జరిగే చోటు. 2001 నుంచి ప్రపంచమంతా ఆడుతున్న మ్యాప్ అది, ఆ ఇసుక రంగు గోడలు ఇక్కడున్న కుర్రాళ్లకి సొంత వీధికన్నా బాగా తెలుసు. మొదటి రెండు రౌండ్లలో వాడు ముందే చచ్చిపోయాడు. మూడో రౌండ్‌లో వీళ్లు బాంబు ఆపాల్సినవాళ్లు. నలుగురూ పోయారు, వీడొక్కడు మిగిలాడు. అవతల కూడా ఒక్కడే. బాంబు పెట్టే రెండు చోట్లలో ఒకటైన బీ సైట్‌లో పెట్టేశారు, టిక్ టిక్ మంటోంది. బాంబు తీయడానికి పది సెకన్లు పడుతుంది. కిట్ కొనుక్కుని ఉంటే ఐదు సెకన్లు చాలు. వీడి దగ్గర కిట్ లేదు. వీడేం చేశాడో తెలుసా? బాంబు దగ్గర కూర్చుని తీయడం మొదలెట్టి, ఆ చప్పుడు అవతలివాడికి వినపడగానే వదిలేసి పక్కకి తప్పుకున్నాడు. వాడు బయటికి తొంగిచూశాడు. వీడు ఒక్క తూటాతో పడగొట్టి, మళ్లీ వెళ్లి పది సెకన్లు కూర్చున్నాడు. తీసేశాడు!

ఆ ఎత్తు వాడు ఎక్కడ నేర్చుకున్నాడు? మూడు వారాలు నిలబడి చూసి నేర్చుకున్నాడు. రూమ్ అంతా లేచి అరిచింది. ఎదురు టీమ్ వాడు కూడా కుర్చీ వెనక్కి నెట్టి వచ్చి వాడి భుజం మీద చరిచాడు. ఆ చరుపు ఇంట్లో ఒక్కడే ఆడేవాడికి దొరకదు. హెడ్‌ఫోన్‌లో ఎవరో "బాగా ఆడావ్" అంటే వినపడుతుంది, నిజమే. భుజానికి తగలదు.

ఇంకో సంగతి చెప్పాలి, కేఫ్ పెట్టాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే వినండి. ఈ ఆటకు కుర్చీలు ఎలా వేస్తామన్నది చాలా ముఖ్యం. రెండు టీమ్‌లనూ ఒకే వరుసలో కూర్చోబెడితే పక్కవాడి తెర కనిపిస్తుంది. "వాడు ఏ మూల దాక్కున్నాడో చూసేశావ్" అని గొడవ. అందుకని ఎదురెదురు వరుసలు వేస్తాం, మానిటర్ల వీపులు కలిసేలా. ఒక టీమ్ ఇటు, ఒక టీమ్ అటు. ఐదుగురికీ అరుపు అందేంత దగ్గరగా ఉండాలి. వరుస వెనక ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచేంత దారి వదలాలి. ఆ దారిలోనే నిలబడేవాళ్లు నిలబడతారు. ఇంకో రాయని నియమం ఉండేది: చచ్చినవాడు నోరెత్తకూడదు. నీకు ఎదుటివాడు ఎక్కడున్నాడో కనిపిస్తోంది, బతికున్నవాడికి చెప్పకూడదు. పద్నాలుగేళ్ల పిల్లలు ఈ నియమాన్ని ఎంత గట్టిగా పాటించేవాళ్లో!

గోడ వెనక్కి వచ్చాక ఎందుకు చచ్చాను?

ఇది పిల్లలు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న. "అన్నా, నేను గోడ వెనక్కి వచ్చేశా, అయినా తూటా తగిలింది, ఇదేం అన్యాయం?" ఇంట్లో నెట్ మీద ఆడేవాళ్లందరికీ ఈ అనుభవం ఉంటుంది. కారణం చెప్తాను, ఇందులో మాయ ఏమీ లేదు.

ఇంటర్నెట్ కబుర్లు మోసే గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. సర్వర్ 3 వేల కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. మీరు నొక్కిన బటన్ కబురు అక్కడికి వెళ్లడానికి 15 మిల్లీసెకన్లు, తిరిగి రావడానికి ఇంకో 15. మొత్తం 30. ఇది కాంతి వేగం వల్ల వచ్చే ఆలస్యం, దీన్ని ఎవరూ తగ్గించలేరు. దారిలో ఉన్న యంత్రాల ఆలస్యం దీనికి అదనం. మీ తెర మీద సెకనుకు 60 బొమ్మలు మారుతుంటే ఒక్కో బొమ్మకు సుమారు 17 మిల్లీసెకన్లు. అంటే మీరు చూస్తున్నది ఎప్పుడూ కాస్త గతమే. మరి ఆట ఎలా సాగుతుంది? 1996 చివర్లో క్వేక్‌వరల్డ్ అనే తుపాకీ ఆట ఒక ఉపాయం తెచ్చింది. సర్వర్ జవాబు కోసం ఆగకుండా, మీ కంప్యూటరే మీ కదలికను ముందుగా ఊహించి చూపిస్తుంది. తర్వాత హాఫ్-లైఫ్, కౌంటర్ స్ట్రైక్‌లలో ఇంకోటి వచ్చింది. ఎవరైనా కాల్చినప్పుడు సర్వర్ కాలాన్ని కొద్దిగా వెనక్కి తిప్పి, కాల్చినవాడి తెర మీద ఆ క్షణంలో ఏం కనిపించిందో లెక్కేసి తగిలిందా లేదా తేలుస్తుంది. అది కాల్చినవాడికి న్యాయం. కానీ మీరు ఆలోపు గోడ వెనక్కి వచ్చేశారు. మీ లెక్క మీది, వాడి లెక్క వాడిది. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

కేఫ్‌లో సర్వర్ ఆ గదిలోనే ఉంటే? పింగ్, అంటే కబురు వెళ్లి తిరిగొచ్చే సమయం, ఒక మిల్లీసెకను కూడా ఉండదు. మీరు చూసిందీ వాడు చూసిందీ దాదాపు ఒకటే. ఓడిపోతే "లాగ్ వచ్చింది", అంటే నెట్ ఆలస్యమైంది, అని చెప్పుకునే వీల్లేదు. ఎదుటివాడు నాకన్నా బాగా ఆడాడని ఒప్పుకోవాలి, లేచి వెళ్లి "అదెలా కొట్టావు?" అని అడగాలి. అడిగేవాళ్లు. నేను చూశాను. పెద్ద టోర్నమెంట్ల ఫైనల్స్ అందరినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి ఆడించడానికి ఈ నిజాయితీ ఒక ముఖ్య కారణం. 2010లో స్టార్‌క్రాఫ్ట్ రెండో భాగం ల్యాన్ సదుపాయం లేకుండా వచ్చినప్పుడు, అది కావాలని లక్షకు పైగా జనం ముందే సంతకాలు చేశారు. వాళ్లకు ఏం పోతోందో తెలుసు.

ఫిలిప్పీన్స్‌లో ఇంకో రూపం. అక్కడ "పీసోనెట్" అని ఉంటాయి. కంప్యూటర్‌కి నాణెం వేసే పెట్టె తగిలిస్తారు, ఒక పెసో వేస్తే కొన్ని నిమిషాలు. పేదపిల్లలు కూడా కూర్చోగలిగిన కుర్చీ అది. ఆ చుట్టుపక్కల దేశాల్లో వార్‌క్రాఫ్ట్ త్రీ అనే యుద్ధాల ఆట మీద అభిమానులు కట్టిన డోటా అనే మ్యాప్ కేఫ్‌లను ఊపేసింది. అదీ ఐదుగురికి ఐదుగురు. జపాన్‌లో చూడండి, అక్కడా నెట్ కేఫ్‌లు బోలెడు. కానీ ఎక్కువగా చిన్న చిన్న గదులు, ఒక్కో మనిషికి ఒక్కో అర, మధ్యలో గోడలు. చదువుకుంటారు, పడుకుంటారు, ఇల్లు లేనివాళ్లు అక్కడే రాత్రుళ్లు గడుపుతారు. అక్కడ ఐదుగురూ కలిసి అరుస్తూ ఆడే సంస్కృతి కొరియాలో లాగా పెరగలేదు. టీవీ మెషీన్లు, నాణెం వేసి ఆడే మెషీన్లున్న ఆర్కేడ్‌లు అక్కడ ముందే బలంగా ఉన్నాయి, అదొక కారణం. నాకు తోచే రెండో కారణం మరీ చిన్నది: ఆ అరలో కుర్చీ వెనక మనిషి నిలబడే చోటే లేదు.

తలుపులు, కిటికీలు

ఇప్పటిదాకా నేను మంచే చెప్పాను. ఇక్కడ తల్లిదండ్రులున్నారు. మీరు అడగకముందే చెప్పాల్సినవి ఉన్నాయి.

2002 జూన్ 16 తెల్లవారుజామున బీజింగ్‌లో యూనివర్సిటీలున్న ప్రాంతంలో ఒక ఇంటర్నెట్ కేఫ్ తగలబడింది. 25 మంది చనిపోయారు. చాలామంది విద్యార్థులు. లైసెన్సు లేని కేఫ్. కిటికీలకు ఇనుప చువ్వలు, తలుపుకు తాళం. లోపలున్నవాళ్లు బయటికి రాలేకపోయారు. నిప్పు పెట్టింది కూడా పిల్లలే, కేఫ్ వాళ్లతో గొడవపడి. దాని తర్వాత చైనాలో వేలకొద్దీ కేఫ్‌లు మూయించారు, 18 ఏళ్లలోపువాళ్లు కేఫ్‌లలోకి రాకూడదని నిబంధన పెట్టారు. నేను ఆ సంగతి చదివిన రాత్రి మా కేఫ్ వెనక తలుపు దగ్గర పేర్చిన పాత మానిటర్ల అట్టపెట్టెలు తీయించాను. అంతకుముందు నాకు ఎందుకు తోచలేదో ఇప్పటికీ బాధగా ఉంటుంది.

2005 ఆగస్టులో కొరియాలోని డేగూలో 28 ఏళ్ల వ్యక్తి పీసీ బాంగ్‌లో దాదాపు 50 గంటలు స్టార్‌క్రాఫ్ట్ ఆడి కుప్పకూలి చనిపోయాడు. చుట్టూ మనుషులున్నారు. అంతమందిలో ఒక్కరు "ఇక లేవయ్యా" అని లేపాల్సింది. కౌంటర్‌లో కూర్చున్నవాడి పని టైమ్ లెక్కపెట్టడం ఒక్కటే కాదు. కొరియా 2011లో చట్టం చేసింది, 16 ఏళ్లలోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదని. పదేళ్లు నడిచి 2021 ముగిసేసరికి ఆ చట్టం పోయింది. అప్పటికి పిల్లలు ఫోన్లలోకి మారిపోయారు, ఆ చట్టం ఫోన్ ఆటలకు పెద్దగా వర్తించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆటల వ్యసనాన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. ఎక్కువసేపు ఆడటమే జబ్బు అనలేదండీ వాళ్లు. ఆపుకోలేకపోవడం, మిగతా జీవితమంతా వెనక్కిపోవడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, సాధారణంగా ఏడాదిపాటు ఇలా సాగితే జబ్బు అన్నారు. మీ పిల్లవాడు శనివారం మూడు గంటలు ఆడొస్తే భయపడకండి. స్నేహితులతో మాటలు మానేసి, తిండి నిద్ర మానేస్తే మాత్రం ఆలస్యం చేయకండి.

ఇంకోటి. ఇది నా మనసులో చాలాకాలంగా ఉంది. ఒకసారి ఇద్దరు అక్కాచెల్లెళ్లు మా కేఫ్‌కి వచ్చారు. బాగా ఆడతారు. పది నిమిషాల్లో వాళ్ల కుర్చీల వెనక ఏడెనిమిది మంది అబ్బాయిలు చేరారు. నేను చూశాను. మామూలుగా జరిగేదే కదా అనుకుని ఊరుకున్నాను. అరగంటకే వాళ్లు లేచి, మిగిలిన టైమ్ కూడా అడక్కుండా వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. వెనక నిలబడటం అందరికీ ఒకలా ఉండదు. ఆ అబ్బాయిలకు భుజం మీద పడే చరుపు ధైర్యం. ఆ అమ్మాయిలకు వీపు మీద పడే చూపులు బరువు. నేను ఆరోజు కౌంటర్‌లోంచి లేచి "కాస్త జరగండి రా" అని ఉండాల్సింది. కేఫ్‌లలో అమ్మాయిలు తక్కువ, వాళ్లకు ఈ ఆటలు నచ్చవు అని ఎవరైనా అంటే నాకు ఆ ఇద్దరే గుర్తొస్తారు.

ఇక ఇప్పటి పరిస్థితి త్వరగా చెప్తాను. ఆటలు ఉచితమయ్యాయి. 2009లో వచ్చిన లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఉచితమే, అయినా కొరియా పీసీ బాంగ్‌లలో ఏళ్ల తరబడి అదే మొదటి స్థానం. 2016లో ఓవర్‌వాచ్, 2017 చివర్లో పబ్జీ దాన్ని దాటాయి, మళ్లీ అదే పైకొచ్చింది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ కంపెనీ కూడా కేఫ్‌ని వదులుకోలేదు. ఇంట్లో అయితే పాత్రలను ఒక్కొక్కటిగా సంపాదించుకోవాలి, అక్కడి పీసీ బాంగ్‌లో లాగిన్ అయితే అన్ని పాత్రలూ తెరిచే ఉంటాయి. లోపలి ఏర్పాటూ మారింది. ఇప్పుడు ఆటలు ఒక్కొక్కటి వంద జీబీ దాటుతున్నాయి. నలభై సిస్టమ్‌లలో నలభైసార్లు ఎక్కించలేం కదా. అందుకని చాలా కేఫ్‌లలో సిస్టమ్‌లకు హార్డ్ డిస్కే ఉండదు. అన్నీ ఒక సర్వర్ నుంచి బూట్ అవుతాయి. అప్‌డేట్ ఒక్కసారి సర్వర్‌లో ఎక్కిస్తే అందరికీ వచ్చేస్తుంది. రీస్టార్ట్ చేస్తే మీరు చేసిన మార్పులన్నీ చెరిగిపోయి మళ్లీ కొత్తగా లేస్తుంది. నేను ఫార్మాట్ కొట్టిన రాత్రులు తలుచుకుంటే ఇది వరంలా అనిపిస్తుంది.

2020లో కరోనా వచ్చి కేఫ్‌లన్నీ మూసేశారు. చాలా తిరిగి తెరవలేదు. మేమూ కొన్నాళ్లు మూసుకున్నాం. అప్పుడు ఇళ్లల్లోంచి అందరూ ఆడారు, హెడ్‌ఫోన్‌లు పెట్టుకుని గ్రూపులుగా మాట్లాడుకుంటూనే ఆడారు. ఆట ఆగలేదు. కానీ తెరిచిన మొదటి సాయంత్రం ఏం జరిగిందో చెప్తాను. సగం సిస్టమ్‌లే నడపాలి, ఒక కుర్చీ వదిలి ఒక కుర్చీలో కూర్చోవాలి. పాత టీమ్ ఐదుగురూ వచ్చారు. ఐదు సీట్లు దొరకలేదు, మూడే ఉన్నాయి. ముగ్గురు కూర్చున్నారు. మిగతా ఇద్దరితో "ఇంట్లోంచి ఆడండి, కలుపుకుంటారుగా" అన్నాను. వెళ్లలేదు. మాస్కులు పెట్టుకుని, చేతులు కట్టుకుని, రెండు గంటలు ఆ కుర్చీల వెనక నిలబడ్డారు.

ఆ పెద్దాయన మళ్లీ కనిపిస్తే ఈ ఇద్దర్నీ చూపించి ఉండేవాణ్ని.

సరే, నాకిచ్చిన సమయం అయిపోయిందని అటునుంచి సైగ చేస్తున్నారు. ప్రశ్నలు తీసుకుంటాను. ఆ వెనక గోడ దగ్గర, మొదట్నుంచీ కూర్చోకుండా నిలబడ్డ బాబు చాలాసేపుగా చెయ్యెత్తుతున్నాడు. మైకు అతనికివ్వండి. చెప్పు నాన్నా, ముందు నువ్వడుగు.